తేదీలు మార్చలేదు

ఫిబ్రవరి 3, శనివారం

ఈ ఏడాది తరగతులు మొదలయ్యాయి. న్యాయవాదుల సంఘం మేడ మీద అదే హాలు, కిర్రుమనే అదే పంకా, తలుపు పక్క బల్ల మీద అదే హాజరు పుస్తకం. ప్లీడర్లు ఏటా ఇన్ని గంటలు కూర్చుని చదువుకుంటే తప్ప లైసెన్సు సాగదని రూలు పెట్టిన దగ్గర్నుంచీ, సంతకం పెట్టి మెట్లు దిగిపోయే విద్యలో మావాళ్ళు ఆరితేరారు. ఈసారి మా ఆయన పుస్తకాన్ని దాచేసి టీ తర్వాత బయటపెట్టారు. జారుకున్న నలుగురు ఆయాసపడుతూ మళ్ళీ పైకి రావలసి వచ్చింది. ఈ మనిషికి ఇన్ని కుట్రలు ఎక్కణ్ణుంచి తడతాయో నాకు పెళ్ళైన నాటి నుంచీ అర్థం కాలేదు.

ఇది మా అయిదో ఏడు. నేను అప్పిచ్చినవాళ్ళ తరఫున, ఆయన తీర్చలేనివాళ్ళ తరఫున. ఇరవై రెండేళ్ళుగా ఇంట్లో ఒకే బల్ల, కోర్టులో ఎదురెదురు బల్లలు. దివాలా గురించి పాఠం చెప్పడానికి మొగుడూ పెళ్ళాలకన్నా తగినవాళ్ళు ఎవరుంటారని సంఘం కార్యదర్శి ఏటా ఒకే వేళాకోళం ఆడతాడు. మేం ఏటా నవ్వుతాం.

మొదటి పాఠం నాది. మునిగే వ్యాపారాన్ని ముందే కనిపెట్టడం ఎలా. ఫోను మొదటిసారికి ఎత్తరు, మూడోసారికి ఎత్తుతారు. పాత సరుకువాణ్ణి మాని కొత్తవాడి దగ్గర అరువు మొదలుపెడతారు. మంచి వ్యాను అమ్మేసి పాతది ఉంచుకుంటారు. అన్నిటికన్నా ముఖ్యం, బాగా నవ్వుతారు. ఆ నవ్వులోనే అడగనివాటికి కూడా జవాబులు చెబుతారు. "ఈ నాలుగూ ఒకచోట కనిపిస్తే మీ క్లయింటుని నిద్ర లేపండి" అన్నాను. అందరూ రాసుకున్నారు.

"ఇవన్నీ ఏ పుస్తకంలో ఉన్నాయి మేడం?" అంది ముందు వరుసలో అమ్మాయి.

"పుస్తకంలో ఉండవమ్మా. చూడగా చూడగా తెలుస్తాయి."

అన్నయ్య ఐపీ పెట్టి ఇవాళ్టికి పన్నెండు రోజులు. ఆ సంగతి ఇక్కడ రాయదలచుకోలేదు.

ఫిబ్రవరి 4, ఆదివారం

రాయకుండా ఉండలేను గనక రాస్తున్నాను. అన్నయ్యని చూసి వచ్చాను.

చెక్క కార్ఖానాకి కోర్టు నియమించిన రిసీవర్ తాళం వేసి లక్క ముద్ర కొట్టాడు. లోపల ఉన్న బల్లలూ మంచాలూ కటింగ్ మెషీనూ అన్నీ ఇక అతని చేతిలో. అమ్మి, వచ్చినదాన్ని రావలసినవాళ్ళందరికీ సమానంగా పంచుతాడు. అన్నయ్య చేతులు ఊరుకోక ఇంట్లో ఉన్న ప్రతి కుర్చీనీ విప్పి మళ్ళీ బిగిస్తున్నాడు.

"కుర్చీలు అయిపోయాయి" అంది వదిన. "రేపట్నుంచి నా మోకాళ్ళు విప్పుతానంటాడేమోనని భయంగా ఉంది."

అన్నయ్య నవ్వాడు. వదిన చెప్పిన రెండో మాటకి మాత్రం నవ్వలేదు. కార్ఖానాలో పాలిష్ పనిచేసే తాతకి రెండు నెలల జీతం రావాలి. అయినా పొద్దున్నే వచ్చి, సీలు వేసిన తలుపు ముందు కాసేపు కూర్చుని వెళ్తున్నాడట. ముప్ఫై ఏళ్ళ అలవాటు, కాళ్ళు అటే నడుస్తాయని అంటున్నాడట.

మంచి కబురు ఒకటుంది. పెద్ద కుర్చీల కంపెనీ ఒకటి అన్నయ్యని మేస్త్రీగా తీసుకుంటానంది. కోర్టు నుంచి విముక్తి ఉత్తర్వు రావాలి, అంతే. అది వస్తే పాత బాకీలన్నీ చెరిగిపోతాయి, అన్నయ్య యాభై ఎనిమిదేళ్ళ వయసులో మళ్ళీ తలెత్తుకుని రంపం పట్టుకుంటాడు. రాకపోతే ఎవరూ పనివ్వరు. కేసు మా ఆయనే చూస్తున్నారు.

వదిన టీ పెట్టడానికి లేవగానే అన్నయ్య గొంతు తగ్గించాడు. "అమ్మడూ, నీ సంగతి ఆస్తి అప్పుల పట్టికలో రాయలేదు. బావగారికీ చెప్పలేదు. నువ్వు బెంగ పెట్టుకోకు."

"రెండేళ్ళు దాటిందిగా అన్నయ్యా" అన్నాను.

"దాటిందిగా" అన్నాడు వెంటనే.

నా సంగతంటే: ఎనిమిదేళ్ళ కిందట మెషీను కొనడానికి నేనిచ్చిన అప్పు. అన్నయ్య మొత్తం ఒక్క దఫాలో తీర్చేశాడు. తనంతట తనే తీర్చాడు. నేను అడగలేదు. ఐపీ పెట్టడానికి ముందు రెండేళ్ళలోపు చుట్టాలకి కట్టినదేదైనా సరే వెనక్కి రావాలని చట్టం. ఇది దాటింది. దాటినట్టే.

ఆ డబ్బు డిపాజిట్‌లో ఉంది. జిరాక్సు కొట్టు పైన ఇరుకు గదిలోంచి మేమిద్దరం సొంత ఆఫీసుకి మారాలని ఆయన కల. కిటికీ ఉన్న గది. ఒకరోజు తాళంచెవి చేతిలో పెట్టి ఆశ్చర్యపరుద్దామని ఆయనకి చెప్పలేదు. అందుకే చెప్పలేదు.

ఫిబ్రవరి 7

రెండేళ్ళంటే రెండేళ్ళు. కాస్త అటూ ఇటూ.

ఫిబ్రవరి 10, శనివారం

ఇవాళ ఆయన పాఠం. చొక్కా చేతికి సుద్ద అంటించుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఆ కళ్ళజోడు కోసమే బల్లంతా వెతుక్కుంటూ చెప్పారు. నేను వెనక వరుసలో కూర్చుని విన్నాను. ఎన్నిసార్లు విన్నా నాకు ఆయన పాఠం చెబుతుంటే చూడటం ఇష్టం. ఇంట్లో ఈ మాట అనను, నెత్తికెక్కుతారు.

"మీ క్లయింటు అన్నీ పోగొట్టుకుని వస్తాడు" అన్నారు. "అతని దగ్గర ఇంక అమ్ముకోడానికి మిగిలింది నిజం ఒక్కటే. అది మొత్తం కాగితం మీద పెట్టించండి. కోర్టు బాకీని క్షమిస్తుంది గానీ ఖాళీ వదిలిన గడిని క్షమించదు. ఒక్క గడి దాచాడని తేలితే విముక్తి పోయినట్టే."

కిటికీ పక్కన కునికిపాట్లు పడే పెద్ద ప్లీడరు గారు కూడా కళ్ళు తెరిచి వింటున్నారు. నాకు మంచినీళ్ళు తాగాలనిపించి కిందికి వెళ్ళాను.

అన్నయ్య ప్రమాణం చేసి పట్టిక మీద సంతకం పెట్టేది ఇరవై ఆరున.

ఫిబ్రవరి 15, గురువారం

మూడో తరగతికి సమస్య పత్రం రాశాను. ఒక సైకిల్ కొట్టు యజమాని. కొట్టు మునిగేముందు మేనమామకి బాకీ తీర్చేస్తాడు. గొలుసులూ టైర్లూ అరువిచ్చినవాడికి ఏమీ ఇవ్వడు. మేనమామ దగ్గర్నుంచి ఆ డబ్బు వెనక్కి రప్పించవచ్చా? పేర్లు మార్చాను, సరుకు మార్చాను, చుట్టరికం మార్చాను. చాలా బాగా వచ్చింది. క్లాసులో ఇరవై మంది ప్లీడర్లు ఆలోచిస్తే ఎవరో ఒకరికి ఏదో ఒక దారి తోస్తుంది. అందరికీ పనికొచ్చే దారి అని నా ఉద్దేశం.

ఫిబ్రవరి 17, శనివారం

దారి తోచలేదు. పది నిమిషాలు కూడా పట్టలేదు వాళ్ళకి.

సమస్యని ఆయనే పైకి చదివారు. "మార్చి పదకొండున మేనమామకి చెల్లించెను. అటుపై రెండో ఏడు జనవరి ఇరవై రెండున దివాలా పిటిషను దాఖలాయెను." అక్కడ ఆగారు. జనవరి ఇరవై రెండు అని మళ్ళీ చదివారు, ఈసారి మెల్లగా. తర్వాత మామూలుగానే ముందుకి సాగారు.

"రెండేళ్ళలోపే కదా సార్, మేనమామ కక్కాల్సిందే" అంది ముందు వరుస అమ్మాయి.

"మేనమామ మహా ఘటికుడు" అన్నాడు ఇంకొకడు. "టైర్లవాడికి తెలియంది ఈయనకి ఎలా తెలిసిందంటారు?"

"ఇంటి మనిషి కదా. భోజనానికి వెళ్ళి వంటిల్లు చూసొచ్చి ఉంటాడు."

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను, అందరికన్నా కాస్త ఎక్కువే నవ్వాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఎలా ఉంటుందో చూడాలంటే అప్పుడు నా మొహం చూడాలి. కిటికీ పక్క పెద్దాయన మాత్రం నవ్వలేదు, నిద్రపోతున్నారు. ఆయన మీద ఎంతో అభిమానం కలిగింది.

ఇంటికి వస్తూ దారిలో ఆయన కూరల ధరల గురించి మాట్లాడారు. ఆయనకి కూరల ధరలు తెలియవు.

ఫిబ్రవరి 18, ఆదివారం

మా ఆయనకి కోపం వస్తే గిన్నెలు తోముతారు. ఇవాళ పొద్దున కడిగినవి కూడా మళ్ళీ తోమారు. చివరికి చేతులు తుడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు.

"మన ప్లీడర్లకో జబ్బుంది" అన్నారు. "కథ మార్చమంటే పేర్లు మారుస్తాం, సరుకు మారుస్తాం. తేదీల జోలికి మాత్రం పోం. తేదీ తప్పు రాయాలంటే చెయ్యి రాదు."

నేను బల్ల మీది పేపరు మడతపెట్టాను.

"జనవరి ఇరవై రెండున బావగారి పిటిషను నేనే వేశాను. ఆ తేదీ నాకు తెలుసు. మార్చి పదకొండు ఏమిటి?"

"ఏదో తేదీ. ఊరికే రాశాను."

ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నారు. "నువ్వు చెప్పావనుకో, ఇక ఆ గడి ఖాళీగా ఉన్న కాగితాన్ని నేను కోర్టులో పెట్టలేను. చెప్పలేదనుకో, మీ అన్నయ్య చేత అబద్ధపు ప్రమాణం చేయించిన ప్లీడర్ని నేనవుతాను. అడగమంటావా, మానమంటావా?"

"మానండి" అన్నాను.

"సరే" అన్నారు. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు. అరిచి ఉంటే బాగుండేది, నాకు తిరిగి అరవడానికి వీలుండేది.

ఫిబ్రవరి 19, సోమవారం

పాత డైరీ తీశాను. రెండేళ్ళ కిందటిది. అన్నయ్య డబ్బు ఇచ్చిన రోజు వెతికితే, అట్టే వెతక్కుండానే దొరికింది.

"మార్చి 11. అన్నయ్య మొత్తం తెచ్చి ఇచ్చేశాడు. హమ్మయ్య."

అక్కడితో పుస్తకం మూసేస్తే సరిపోయేది. ఒక పేజీ వెనక్కి తిప్పాను.

"మార్చి 4. అన్నయ్య ఫోను మూడోసారికి గానీ ఎత్తలేదు. కలప అడితి మార్చాడట. వ్యాను అమ్మేశాడు, పాతది ఉంచుకున్నాడు. భోజనానికి పిలిచి తెగ నవ్వించాడు. ఇక ఆలస్యం చెయ్యకూడదు. వదిన లోపలికి వెళ్ళగానే అడిగేశాను. అన్నయ్యా, నాది ముందు తీర్చెయ్యవా అన్నాను. తలూపాడు."

నా చేతిరాతే. నా నాలుగు గుర్తులే, క్లాసులో చెప్పే వరుసలోనే. ఇవన్నీ ఏ పుస్తకంలో ఉన్నాయి మేడం అని ఆ అమ్మాయి అడిగితే ఈ పుస్తకం చూపించి ఉండాల్సింది. అన్నయ్య ఇంట్లో వాళ్ళ పెరుగు తింటూ, వాళ్ళ మంచం మీద కూర్చుని, ఓడ ఎంతవరకు మునిగిందో కొలిచి వచ్చాను. అడగలేదని రెండేళ్ళుగా నాకు నేనే చెప్పుకున్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు గానీ, ఆ పిల్లి డైరీ కూడా రాసుకుంటుందని ఎవరూ చెప్పలేదు.

ఫిబ్రవరి 20

ఇరవై రెండు నెలల పదకొండు రోజులు. లెక్కపెట్టాను.

ఫిబ్రవరి 22, గురువారం

కోర్టు నుంచి వచ్చాక జిరాక్సు కొట్టు పైన గదిలో ఆయనకి మొత్తం చెప్పాను. కింద మెషీను చప్పుడుకి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఒకసారి చెప్పడమే కష్టమనుకున్నాను.

అడిగి తీసుకున్న సంగతి చెప్పేటప్పుడు ఆయన మొహం చూడలేక ఫైళ్ళ వెన్నుల మీద పేర్లు చదువుతూ చెప్పాను. ఆయన లేచి వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డారు. గదిలో రెండో మనిషి నిలబడగలిగే చోటు అదొక్కటే.

"అయితే కిటికీ గది పోయిందన్నమాట" అన్నారు.

"మీకు దాని సంగతి తెలుసా?"

"బ్యాంకువాళ్ళు ఏడాది కిందట ఇంటికే ఉత్తరం పంపారు. నువ్వు ఆశ్చర్యపరుద్దామనుకుంటున్నావు కదా అని నేనూ ఆశ్చర్యపోవడం అభ్యాసం చేస్తున్నాను." నా కుర్చీ వీపు మీద చెయ్యి వేసి, "ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం అనుకోలేదు. నీ ఫీజులనుకున్నాను" అన్నారు.

ఆ చివరి మాటకి ఏడుపొచ్చింది. కోప్పడలేదు గనక ఇంకా ఎక్కువ వచ్చింది. ఆయన తన టీలో సగం నా గ్లాసులో పోశారు. చల్లారిపోయింది. తాగాను.

ఫిబ్రవరి 23, శుక్రవారం

అన్నయ్య ఒప్పుకోలేదు.

డబ్బు రిసీవర్‌కి కట్టేస్తాను, ఆ గడి నింపు అన్నాను. చట్టం చెప్పాను, తేదీలు చెప్పాను, దాస్తే విముక్తి పోతుందని చెప్పాను. అన్నీ విన్నాడు. చేతిలో కుర్చీ కాలు ఉంది, దాన్ని తిప్పుతూ కూర్చున్నాడు.

"ఇన్నేళ్ళలో నేను చివరిదాకా తీర్చిన బాకీ అదొక్కటే అమ్మడూ" అన్నాడు. "అడితి ఆయనకి తీర్చలేదు. తాతకి తీర్చలేదు. చెల్లెలి అప్పు మాత్రం తీర్చాను అనుకుంటే కాస్త నిద్ర పడుతోంది. దాన్ని కూడా తెచ్చి మళ్ళీ నా నెత్తి మీద పెడతానంటావా?"

"నువ్వు నాకు బాకీ లేవన్నయ్యా."

"కట్టేస్తే మళ్ళీ ఉన్నట్టే. నేను చదువుకోలేదు గానీ అంతమాత్రం తెలుసు."

నిజమే. నేను వెనక్కి కట్టగానే ఆ అప్పు మళ్ళీ బతుకుతుంది, నేనూ అందరితోపాటు వరుసలో నిలబడతాను. ఈ ముక్క ఏటా క్లాసులో చెబుతాను. చెప్పినప్పుడు అందులో ఒక మనిషి మొహం ఉంటుందని ఎప్పుడూ తట్టలేదు.

తర్వాత నాతో మాట్లాడలేదు. వదిన గేటు దాకా వచ్చింది. "నువ్వు చెప్పింది నాకు అర్థమైంది" అంది. "ఆయనకీ అర్థమైంది, అందుకే కోపం. ఇరవై ఆరున తీసుకొస్తాను. రాకపోతే కుర్చీతో సహా మోసుకొస్తాను."

ఫిబ్రవరి 24, శనివారం

క్లాసు ఆయనొక్కరే చెప్పారు. రెండు పక్షాలూ ఆయనే. నా పక్షం నాకన్నా బాగా వాదించారని ముందు వరుస అమ్మాయి ఫోను చేసి చెప్పింది. ఓర్చుకున్నాను.

ఫిబ్రవరి 26, సోమవారం

డిపాజిట్ గడువుకి ముందే తీసేశాను. రిసీవర్ ఆఫీసులో కట్టి రసీదు తెచ్చుకున్నాను.

అన్నయ్య వచ్చాడు. గడి నింపాడు. "చెల్లెలికి, మార్చి 11న" అని తనే రాశాడు. ప్రమాణం చేసి సంతకం పెట్టాడు. నా వైపు చూడలేదు.

మార్చి 2, శనివారం

క్లాసుకి వెళ్ళాను. బాగానే చెప్పాను. అన్నయ్య ఫోను ఎత్తడం లేదు. మూడోసారికి కూడా ఎత్తడం లేదు.

మార్చి 7, గురువారం

ఇవాళ బాకీలు రావలసినవాళ్ళందరి సమావేశం. రిసీవర్ ఆఫీసులో పొడుగు గది, గోడ వారగా రెండు బెంచీలు. ప్లీడర్ల కుర్చీలు ముందు ఉన్నాయి, అలవాటుగా అటే నడిచాను. గుమస్తా నా కాగితం చూసి, "మీరు బాకీల వరుసమ్మా" అని బెంచీ చూపించాడు. వెళ్ళి పాలిష్ తాత పక్కన కూర్చున్నాను. తాత గోళ్ళలో ఇంకా ఆ ఎర్రటి రంగు ఉంది.

"మీరెందుకమ్మా ఈ బెంచీ మీద?" అన్నాడు.

"నాకూ రావాలి తాతా."

"మీకు ఇచ్చేశానన్నాడే అబ్బాయి."

"తిరిగి కట్టేశాను. అందరికీ పంచుతారు."

తాత కాళ్ళు దగ్గరికి తీసుకున్నాడు. "ఇటు జరగండి, అక్కడ ఎండ పడుతోంది" అన్నాడు.

అన్నయ్యని పిలిచి ప్రమాణం చేయించారు. పక్కన మా ఆయన. రిసీవర్ పట్టిక చదువుతూ పోతే అన్నయ్య ఒక్కోదానికీ అవునంటున్నాడు. చుట్టాల గడి దగ్గరికి రాగానే కలప అడితి ఆయన లేచాడు. పెద్ద మనిషి, గొంతు కూడా పెద్దదే. "మాకు చిల్లిగవ్వ రాలని రోజుల్లో చెల్లెలికి మొత్తం ఎలా ముట్టిందండీ? ఆవిడ ప్లీడరు. ముందే తెలిసి పట్టుకుపోయింది. అదీ అడగండి."

రిసీవర్ అన్నయ్య వైపు చూశాడు. "చెప్పండి. ఆవిడ అడిగారా?"

"లేదండి" అన్నాడు అన్నయ్య. అప్పుడు చూశాడు నా వైపు, పదమూడు రోజుల తర్వాత. "నా అంతట నేనే ఇచ్చాను. తను నోరు తెరిచి అడగలేదు. అసలు నా వ్యాపారం సంగతులే తనకి తెలీవు."

అన్నయ్య అబద్ధమాడటం నేనెప్పుడూ చూడలేదు. అడితి ఆయనకి కూడా, ఇవ్వలేను అని మొహం మీదే చెప్పిన మనిషి. ప్రమాణం చేసి, విముక్తి ఇంకో నాలుగు వారాల్లో ఉందనగా, ఆ ఒక్క అబద్ధం నా కోసం ఆడాడు. మా ఆయన కాగితాల్లోకి తల వంచేశారు. క్లయింటు మాటకి అడ్డుపడలేరు, ఆ మాట నిజమని అనలేరు.

నేను లేచాను.

"అడిగానండీ" అన్నాను.

"అమ్మడూ, కూర్చో" అన్నాడు అన్నయ్య.

"మార్చి నాలుగున, వాళ్ళింట్లో, భోజనం చేశాక అడిగాను. అన్నయ్య పరిస్థితి తెలిసే అడిగాను. చెల్లెల్ని కాపాడదామని అలా అంటున్నాడు, దాన్ని ఆయన మీద పెట్టకండి. రెండేళ్ళ కిందటి నా డైరీలో ఉంది, కావాలంటే తెస్తాను."

అడితి ఆయన మెల్లగా కూర్చున్నాడు. అంత తొందరగా గెలుస్తాననుకోలేదు కాబోలు, ఏం చెయ్యాలో తెలియనట్టు జేబురుమాలు తీసి మడత పెట్టుకున్నాడు.

రిసీవర్ పెన్ను పైకెత్తి నా వైపు చూశాడు. పోయినేడు నా క్లాసులో కూర్చున్నవాడే. "మేడం, రెండేళ్ళలోపు గనక డబ్బు ఎలాగూ వెనక్కి రావాలి, మీరు కట్టేశారు కూడా. అడిగారా, ఆయనే ఇచ్చారా అన్నది చట్టానికి అక్కర్లేదు. నోరు జారి అడిగాను గానీ, అది రాయాల్సిన పనిలేదు."

"రాయండి" అన్నాను.

"అవసరం లేదు మేడం."

"నాకు అవసరం. రాయండి."

అతను అన్నయ్య వైపు తిరిగాడు. "ఆవిడ చెప్పింది నిజమేనా?"

అన్నయ్య రిసీవర్ బల్ల అంచుని వేలితో తడిమాడు. "నిజమేనండి" అన్నాడు. "ఇందాకటిది కొట్టెయ్యండి."

కొట్టేసి రాశాడు. విముక్తికి అభ్యంతరం ఉన్నవాళ్ళు చెయ్యెత్తమన్నాడు. తాత చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. అడితి ఆయన జేబురుమాలుతో మొహం తుడుచుకుని ఊరుకున్నాడు. ఎవరూ ఎత్తలేదు.

మెట్ల దగ్గర అన్నయ్య నా కోసం ఆగి ఉన్నాడు. మా ఆయన మమ్మల్ని చూసి, ఏదో మర్చిపోయినట్టు మళ్ళీ లోపలికి వెళ్ళారు.

"నువ్వు అడక్కపోయినా ఇచ్చేవాణ్ణే" అన్నాడు అన్నయ్య.

"తెలుసన్నయ్యా. నేను అడక్కుండా ఉండాల్సింది."

అన్నయ్య నా చేతిలో ఫైళ్ళ సంచీ అందుకుని, ముందు తను మెట్లు దిగి, వెనక్కి తిరిగి నేను వచ్చేదాకా నిలబడ్డాడు.